రోగనిరోధక శక్తి పెంచితే కడుపు క్యాన్సర్ తగ్గుతుందా? టి కణాల చరిత్ర చెప్పే జవాబు

"ఆయనకి ఇమ్యూనిటీ తగ్గిపోయింది, అందుకే క్యాన్సర్ వచ్చింది. ఇమ్యూనిటీ పెంచుకుంటే అదే పోతుంది." ఈ మాట మనలో వినని వాళ్ళు ఉండరు. రోగిని చూడటానికి వచ్చిన బంధువులు చెబుతారు, చూర్ణం డబ్బా మీద రాసి ఉంటుంది, పొద్దున్నే టీవీలో కనిపించే గురువుగారు కూడా చెబుతారు. వినడానికి బాగుంటుంది. పైగా ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మన శరీరంలోని టి కణాలు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు క్యాన్సర్ కణాలని చంపగలవు. ఈ సంగతి మీద చేసిన పరిశోధనకి 2018లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. "చూశారా, మేం ఎప్పటినుంచో చెబుతున్నదే ఇప్పుడు సైన్సు ఒప్పుకుంది" అని చూర్ణం అమ్మేవాళ్ళు దీన్ని తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

నిజంగా సైన్సు చెప్పింది అదేనా? ఒక క్యాన్సర్‌ని ఉదాహరణగా తీసుకుని ఈ చరిత్రని మొదటినుంచి చూద్దాం. నేను కడుపు (జీర్ణాశయ) క్యాన్సర్‌ని ఎంచుకున్నాను. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడు దాదాపు 9 లక్షల 68 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది, 6 లక్షల 60 వేల మంది దీనివల్ల చనిపోయారు. ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. "రోగనిరోధక శక్తి ఎంత ఎక్కువుంటే అంత మంచిది" అనే నమ్మకాన్ని ఇంత స్పష్టంగా తలకిందులు చేసే జబ్బులు తక్కువ.

జ్వరం వస్తే గడ్డ కరిగింది

కథ న్యూయార్క్‌లో మొదలవుతుంది. విలియం కోలీ అనే యువ శస్త్రవైద్యుడి దగ్గరికి 1890లో చేతి ఎముకలో సార్కోమా (ఒక రకం క్యాన్సర్) ఉన్న 17 ఏళ్ళ అమ్మాయి వచ్చింది. చెయ్యి తీసేసినా లాభం లేకపోయింది, 1891 జనవరిలో చనిపోయింది. కోలీ ఆసుపత్రి పాత రికార్డులు తిరగేశాడు. మెడ మీద గడ్డ మళ్ళీ మళ్ళీ పెరుగుతున్న ఒక రోగికి ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధి సోకి, తీవ్రమైన జ్వరం వచ్చి, ఆ తర్వాత గడ్డ మాయమైందని ఒక రికార్డులో ఉంది. కోలీ ఊరంతా వెతికి ఆ మనిషిని పట్టుకున్నాడు. ఏడేళ్ళ తర్వాత కూడా ఆరోగ్యంగానే ఉన్నాడు.

దాంతో కోలీ రోగులకి బతికున్న బాక్టీరియానీ, తర్వాత చంపిన బాక్టీరియానీ ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరిలో గడ్డలు నిజంగానే తగ్గాయి. చాలామందిలో తగ్గలేదు. మందు తయారీ ఒక్కోసారి ఒక్కోలా ఉండేది, మోతాదు మారేది, పోల్చిచూడటానికి మందు ఇవ్వని రోగుల గుంపు లేదు. ఎవరిలో ఎందుకు పనిచేసిందో కోలీయే చెప్పలేకపోయాడు. రేడియేషన్ వైద్యం వచ్చాక ఆయన పద్ధతి వెనక్కి పోయింది. 1936లో ఆయన చనిపోయాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కోలీ మోసగాడు కాదు, ఆయన చూసింది నిజమే. అయినా వైద్యలోకం ఆ పద్ధతిని పక్కన పెట్టింది. "నా దగ్గర బాగైనవాళ్ళున్నారు" అనేది ఒక ప్రశ్నకి మొదలు అవుతుంది తప్ప జవాబు కాదు. ఇవాళ చూర్ణం అమ్మేవాడు చూపించే ఫోటోలకీ, కోలీ కేసులకీ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. కోలీకి న్యాయం జరగాలంటే శరీరంలో ఆ పని చేసింది ఎవరో తేలాలి. అందుకు ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఎందుకూ పనికిరాదనుకున్న గ్రంథి

రొమ్ము ఎముక వెనక, గుండెకి కాస్త పైన, థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నపిల్లల్లో పెద్దదిగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. 1950ల దాకా దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. పెద్ద జంతువుల్లో దాన్ని తీసేసినా పెద్ద తేడా కనిపించేది కాదు. అందుకని దాన్ని చచ్చిన కణాల శ్మశానంగా భావించేవాళ్ళు.

జాక్ మిల్లర్ అనే యువ పరిశోధకుడు లండన్‌లో చిట్టెలుకల రక్త క్యాన్సర్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన పిల్లల్లో థైమస్‌ని తీసేసి చూశాడు. ఫలితం అతనికే ఆశ్చర్యం కలిగించింది. ఆ పిల్లలు చిక్కి శల్యమైపోయాయి, వాటి రక్తంలో లింఫోసైట్లు బాగా తగ్గిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టలేకపోయాయి. 1961లో లాన్సెట్ పత్రికలో ఇది వచ్చింది. చాలామంది పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. అవయవ మార్పిడి పరిశోధనలో నోబెల్ పొందిన పీటర్ మెడవార్ అంతటివాడు కూడా థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామంలో జరిగిన, అంత ప్రాముఖ్యం లేని యాదృచ్ఛికమేనని మొదట్లో భావించాడు.

పెద్దవాళ్ళ అభిప్రాయం మీద కాక ప్రయోగాల మీద ఆధారపడటం వల్ల విషయం తేలింది. 1968లో మెల్‌బోర్న్‌లో మిల్లర్, గ్రాహం మిచెల్ కలిసి లింఫోసైట్లు రెండు రకాలని చూపించారు. ఎముక మజ్జ నుంచి వచ్చి యాంటీబాడీలు తయారుచేసేవి ఒక రకం. వాటినే తర్వాత బి కణాలన్నారు. థైమస్‌లో తయారయ్యేవి రెండో రకం. థైమస్ మొదటి అక్షరంతో వాటికి టి కణాలని పేరొచ్చింది.

కాపలా సిద్ధాంతం: పడటం, లేవడం

సరే, టి కణాలున్నాయి. అవి క్యాన్సర్‌ని చూస్తాయా? టి కణాల పేరు పుట్టకముందే, 1950ల చివర్లో, ఆస్ట్రేలియాలో మాక్‌ఫార్లేన్ బర్నెట్, అమెరికాలో లూయిస్ థామస్ ఒక ఊహ చేశారు. శరీరంలో క్యాన్సర్ కణాలు అప్పుడప్పుడు పుడుతూనే ఉంటాయని, రోగనిరోధక వ్యవస్థ కాపలా కాస్తూ వాటిని ఎప్పటికప్పుడు చంపేస్తుందని. చాలా అందమైన ఊహ.

అందంగా ఉన్నంత మాత్రాన నిజం కావాలని లేదు కదా. 1974లో ఒసియాస్ స్టుట్‌మన్ దాన్ని పరీక్షించాడు. పుట్టుకతోనే థైమస్ లేని, వెంట్రుకలు కూడా లేని ఒక జాతి చిట్టెలుకలున్నాయి. వాటికీ, మామూలు చిట్టెలుకలకీ క్యాన్సర్ కలిగించే రసాయనం ఎక్కించాడు. కాపలా సిద్ధాంతం నిజమైతే థైమస్ లేనివాటికి ఎక్కువ గడ్డలు రావాలి. రాలేదు. రెండిటికీ సమానంగా వచ్చాయి. ఆ దెబ్బకి కాపలా సిద్ధాంతం దాదాపు పాతికేళ్ళు మూలపడింది.

తర్వాత ఆ ప్రయోగంలోనే లొసుగు బయటపడింది. ఆ చిట్టెలుకల్లో టి కణాలు పూర్తిగా లేకుండా పోలేదు, కొద్దిగా ఉన్నాయి. సహజ హంతక కణాలనే ఇంకో రకం లింఫోసైట్లు కూడా ఉన్నాయి. జన్యువుల్ని మార్చి, టి కణాలు గానీ బి కణాలు గానీ అసలే పుట్టని చిట్టెలుకల్ని తయారుచేయగలిగాక, 2001లో రాబర్ట్ ష్రైబర్ బృందం పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసింది. ఈసారి ఆ చిట్టెలుకల్లో గడ్డలు స్పష్టంగా ఎక్కువ వచ్చాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. కాపలా లేని చిట్టెలుకలో పెరిగిన గడ్డల్ని మామూలు చిట్టెలుకలోకి మారిస్తే, వాటిలో చాలావాటిని అది తిప్పికొట్టింది. మామూలు చిట్టెలుకలో పెరిగిన గడ్డల్ని మారిస్తే అవి పెరిగిపోయాయి. అంటే కాపలా ఉన్నచోట పెరిగిన క్యాన్సర్ ఆ కాపలాని తప్పించుకోవడం నేర్చుకున్న క్యాన్సర్. టి కణాలు తేలిగ్గా గుర్తుపట్టే కణాలన్నీ చచ్చిపోగా మిగిలినవే గడ్డగా ఎదుగుతాయి. ఇది డార్విన్ చెప్పిన ప్రకృతి వరణమే, మన ఒంట్లో జరుగుతోంది.

కాబట్టి "ఇమ్యూనిటీ తగ్గింది కాబట్టి క్యాన్సర్ వచ్చింది" అనే మాట చాలామంది రోగుల విషయంలో తప్పు. అవయవ మార్పిడి తర్వాత నిరోధకాన్ని అణచే మందులు వాడేవాళ్ళలో కొన్ని క్యాన్సర్లు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ మామూలు ఆరోగ్యంతో ఉండి కడుపు క్యాన్సర్ బారిన పడ్డ మనిషి టి కణాలు బద్ధకంగా కూర్చోలేదు. వాటి కళ్ళుగప్పిన కణాలే గడ్డ అయ్యాయి. రోగిని "నువ్వు సరిగా తినలేదు, నిగ్రహంగా ఉండలేదు, అందుకే శక్తి తగ్గింది" అని నిందించేవాళ్ళకి ఈ ఒక్క సంగతీ చెప్పాలి.

టి కణం ఏం చూస్తుంది?

టి కణానికి "ఇది క్యాన్సర్" అని ఎలా తెలుస్తుంది? దీనికి మొదటి ఆధారం 1974 ప్రాంతంలో కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ వైరస్ సోకిన చిట్టెలుకల మీద చేసిన పనిలో దొరికింది (1996లో నోబెల్). ఆ తర్వాతి పరిశోధనలతో కలిపి మనకిప్పుడు తెలిసింది ఇది. మన శరీరంలో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రోటీన్లని చిన్న ముక్కలుగా నరికి, ఒక పళ్ళెం లాంటి అణువులో పెట్టి, బయటికి చూపిస్తూ ఉంటుంది. టి కణం ఆ ముక్కని తడిమి చూస్తుంది. అలవాటైన ముక్క అయితే వదిలేస్తుంది. వైరస్ ముక్కో, మార్పుచెందిన ప్రోటీన్ ముక్కో అయితే చంపేస్తుంది. ఒక్కో టి కణానికి ఒక్కో ఆకారమే తెలుసు. కోట్లకొద్దీ టి కణాలున్నా, ఆ ముక్కకి సరిపోయేవి అతి కొద్దే.

1991లో బ్రస్సెల్స్‌లో థియరీ బూన్ బృందం ఒక రోగి చర్మ క్యాన్సర్ (మెలనోమా) మీద ఆ రోగి టి కణాలే గుర్తుపడుతున్న ముక్క ఏ జన్యువు నుంచి వచ్చిందో మొదటిసారి కనిపెట్టింది. అంటే మనిషి టి కణాలు మనిషి క్యాన్సర్‌ని గుర్తుపట్టగలవన్న మాటకి అణువుల స్థాయిలో రుజువు దొరికింది.

ఇది తాళం, తాళంచెవి వ్యవహారం. మొత్తం మీద "శక్తి" పెంచడమంటే ఏమిటి? ఏ చెవినీ ఎంచకుండా చెవుల గుత్తి బరువు పెంచడం. తలుపు దానివల్ల తెరుచుకోదు.

కడుపులో కథ తిరగబడింది

ఇప్పుడు కడుపు దగ్గరికొద్దాం. కడుపు క్యాన్సర్‌కి బయటినుంచి వచ్చిన జీవి కారణమవుతుందనే ఆలోచన కొత్తది కాదు. డెన్మార్క్‌కి చెందిన యోహానెస్ ఫిబిగెర్, బొద్దింకల ద్వారా ఎలుకల కడుపులో చేరే ఒక నులిపురుగు వల్ల క్యాన్సర్ వస్తుందని 1913లో ప్రకటించాడు. దానికి 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. తర్వాతి పరిశోధకులు చూస్తే, ఆ ఎలుకల కడుపుల్లో కనిపించిన మార్పులకి ఆహారంలో ఎ విటమిన్ లోపం పెద్ద కారణమని, వాటిలో చాలావరకు క్యాన్సరే కాదని తేలింది. నోబెల్ వచ్చినా సరే, ఆధారం నిలబడకపోతే సైన్సు దాన్ని పక్కన పెడుతుంది. ఏ శాస్త్రం (మన "ప్రాచీన శాస్త్రాల"తో సహా) తన సొంత మహానుభావుల్ని ఇలా సరిదిద్దుకుందో అడిగి చూడండి.

అసలు జీవి 1982లో దొరికింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపు పొరలో బతికే ఒక మెలిక బాక్టీరియాని పెంచగలిగారు. ఈస్టర్ సెలవుల వల్ల పళ్ళేలు మామూలుకంటే ఎక్కువ రోజులు ఉండిపోవడంతో అది పెరిగింది. దానికే ఇప్పుడు హెలికోబాక్టర్ పైలోరి అని పేరు. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని వైద్యలోకం నమ్మేది. 1984లో మార్షల్ స్వయంగా ఆ బాక్టీరియాని తాగి, కడుపు పొర వాపు (గ్యాస్ట్రైటిస్) తెచ్చుకుని చూపించాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. జపాన్‌లో 1,526 మంది రోగుల్ని సగటున 7.8 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2001లో వచ్చింది. బాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. వారెన్, మార్షల్‌కి 2005లో నోబెల్ వచ్చింది.

ఇక్కడే అసలు ప్రశ్న. కడుపు పొరని పాడుచేస్తున్నది బాక్టీరియానా, లేక దాన్ని తరమడానికి వచ్చిన మన కణాలా? 1999లో ప్రచురించిన ఒక ప్రయోగంలో హెలికోబాక్టర్ కుటుంబంలోని ఇంకో బాక్టీరియాని మూడు రకాల చిట్టెలుకలకి ఎక్కించారు. మామూలువాటిలో కడుపు పొర దెబ్బతింది. బి కణాలు లేనివాటిలోనూ దెబ్బతింది. టి కణాలు లేనివాటిలో మాత్రం బాక్టీరియా హాయిగా కాపురం పెట్టినా కడుపు పొర చెక్కుచెదరలేదు!

అంటే పొరని పాడుచేసే పనిలో టి కణాలది ప్రధాన పాత్ర. బాక్టీరియాని పూర్తిగా వెళ్ళగొట్టలేక, వదిలిపెట్టనూ లేక, అవి దశాబ్దాల తరబడి అక్కడ పోరాడుతూనే ఉంటాయి. ఆ పోరులో ఆమ్లం తయారుచేసే కణాలు చస్తాయి, పొర పలచబడుతుంది, కడుపు కణాల స్థానంలో పేగు కణాల్లాంటివి మొలుస్తాయి. మళ్ళీ మళ్ళీ చచ్చి మళ్ళీ మళ్ళీ పుట్టే కణాల్లో జన్యు పొరపాట్లు పోగవుతాయి. చివరికి కొద్దిమందిలో క్యాన్సర్. బాక్టీరియా కూడా తక్కువది కాదు. అది విడుదలచేసే ఒక విషపదార్థం టి కణాల పనిని అడ్డుకుంటుందని 2003లో తేలింది. కాబట్టి యుద్ధం గెలవడమూ ఉండదు, ఆగడమూ ఉండదు.

2000లో ఇంకో ప్రయోగం వచ్చింది. పేగుల్లో నులిపురుగులున్న చిట్టెలుకలకి హెలికోబాక్టర్ ఎక్కిస్తే, టి కణాల ధోరణి మారిపోయి కడుపు పొర నష్టం తగ్గింది. భారతదేశంతో సహా కొన్ని దేశాల్లో ఈ బాక్టీరియా విస్తారంగా ఉన్నా కడుపు క్యాన్సర్ అంతగా ఎందుకు లేదన్న చిక్కు ప్రశ్నకి ప్రతిపాదించిన వివరణల్లో ఇదొకటి. (దీన్ని చూసి ఎవరూ నులిపురుగుల వైద్యం మొదలుపెట్టవద్దని మనవి. చిట్టెలుక ప్రయోగం ఒక సూచన మాత్రమే.)

ఇప్పుడు చెప్పండి, ఇరవై ఏళ్ళుగా కడుపులో బాక్టీరియా ఉన్న మనిషికి "రోగనిరోధక శక్తి" నిజంగానే పెంచే చూర్ణం ఉందనుకుందాం. అది ఇస్తే ఏమవుతుంది? పొరలో వాపు ఇంకా పెరగొచ్చు. ఆ చూర్ణాలు ఏమీ పెంచకపోవడమే మన అదృష్టం.

బ్రేకులు

ఇంత ప్రమాదకరమైన కణాలు మామూలుగా మనల్ని ఎందుకు తినెయ్యవు? మిల్లర్ ప్రయోగం గుర్తుందా? పుట్టిన వెంటనే థైమస్ తీస్తే చిట్టెలుకకి రక్షణ పోయింది. 1969లో జపాన్‌లో నిషిజుకా, సకాకురా అనే పరిశోధకులు పుట్టిన మూడో రోజున తీసి చూశారు. ఈసారి ఆడ చిట్టెలుకల అండాశయాలు పాడయ్యాయి. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని జాతుల చిట్టెలుకల్లో కడుపు పొర కూడా ఇలాగే దెబ్బతింది. వాటి సొంత టి కణాలే వాటిమీద దాడిచేశాయి. అంటే దాడిచేసే టి కణాలు ముందు బయటికొచ్చాయి, వాటిని ఆపే రకం టి కణాలేవో మూడో రోజు తర్వాత రావాలి. అవి రాకుండా పోయాయి.

ఆ ఆపే కణాలు ఏవో షిమోన్ సకగుచి 1995లో స్పష్టంగా చూపించాడు. వాటిని నియంత్రక టి కణాలు అంటారు. వాటిని తయారుచేసే జన్యువుని 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనిపెట్టారు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ ఇచ్చారు. కడుపు క్యాన్సర్ రోగుల గడ్డల్లో ఈ నియంత్రక కణాలు మామూలుకంటే ఎక్కువున్నాయని జపాన్ పరిశోధకులు 2003లో రాశారు. గడ్డ తనని కాపాడుకోవడానికి మన బ్రేకులనే వాడుకుంటోందన్నమాట.

ఇది మొదటి రకం బ్రేకు. రెండో రకం బ్రేకు ప్రతి టి కణం ఒంటిమీదే ఉంటుంది. సిటిఎల్ఎ-4 అనే అణువు అలాంటిదని, దానికి యాంటీబాడీ అడ్డం పెడితే చిట్టెలుకల్లో గడ్డలు తగ్గుతాయని 1996లో అమెరికాలో జేమ్స్ అలిసన్ బృందం చూపించింది. క్యోటోలో తసుకు హోంజో ప్రయోగశాల 1992లో పిడి-1 అనే అణువుని కనిపెట్టింది. అప్పుడు వాళ్ళు వెతికింది క్యాన్సర్ మందు కోసం కాదు, కణాలు ఎలా చనిపోతాయో తెలుసుకోవడం కోసం. ఆ అణువు లేని చిట్టెలుకలకి వయసు పెరిగాక తమ శరీరంపైనే దాడిచేసుకునే జబ్బు వచ్చిందని 1999లో తేలింది. అంటే అది బ్రేకు. దాన్ని నొక్కే అణువు పిడి-ఎల్1 అని 2000లో తెలిసింది. చాలా క్యాన్సర్ కణాలు ఈ పిడి-ఎల్1ని తమ ఒంటిమీద ప్రదర్శించి, చంపడానికొచ్చిన టి కణాన్ని ఆపేస్తాయి. అలిసన్, హోంజోలకి 2018 నోబెల్ వచ్చింది ఇందుకే.

గమనించారా? ఆ నోబెల్ బహుమతి శక్తి పెంచినందుకు రాలేదు. ఫలానా అణువు దగ్గర ఉన్న ఫలానా బ్రేకుని తీసినందుకు వచ్చింది. బ్రేకు తీస్తే ఏమవుతుందో కూడా రోగుల్లో కనిపించింది. పెద్దపేగు, థైరాయిడ్, ఊపిరితిత్తులు, కాలేయం లాంటి అవయవాల మీద టి కణాలు దాడిచేసే దుష్ఫలితాలు కొందరిలో వస్తాయి, అరుదుగా ప్రాణం మీదికీ తెస్తాయి. రోగనిరోధకాన్ని నిజంగా పెంచితే ఇలా ఉంటుంది. ఏ దుష్ఫలితమూ లేకుండా ఇమ్యూనిటీ పెంచుతామనేవాళ్ళు ఏమీ పెంచడం లేదని అర్థం.

కడుపు క్యాన్సర్ మీద పరీక్ష

సిద్ధాంతం బాగుంది. మరి రోగులకి పనికొచ్చిందా? హోంజో పని నుంచి పుట్టిన నివోలుమాబ్ అనే మందుని జపాన్, దక్షిణ కొరియా, తైవాన్‌లలో 493 మంది కడుపు క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. అంతకుముందే రెండు లేదా అంతకంటే ఎక్కువ రకాల కీమోథెరపీ విఫలమైనవాళ్ళు. కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు, ఎవరికేదో డాక్టరుకీ తెలియదు. 2017లో ఫలితాలొచ్చాయి. ఏడాది తర్వాత మందు వాడినవాళ్ళలో 26.2 శాతం, వాడనివాళ్ళలో 10.9 శాతం బతికున్నారు. కానీ సగటు రోగి ఆయుష్షు (మధ్యస్థ విలువ) 4.14 నెలల నుంచి 5.26 నెలలకి మాత్రమే పెరిగింది. గడ్డ స్పష్టంగా తగ్గినవాళ్ళు తొమ్మిది మందిలో ఒకరు.

ఇంత పెద్ద ఆవిష్కరణకి ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే అని దాచకుండా చెప్పడమే ఇక్కడి గొప్ప. తర్వాతి ప్రశ్న, ఎవరిలో పనిచేసింది?

దానికి జవాబు వేరే దారిలో సిద్ధమై ఉంది. 2014లో అమెరికాలో 295 కడుపు క్యాన్సర్ గడ్డల జన్యువుల్ని చదివి, ఇది ఒక జబ్బు కాదు, నాలుగు రకాలని తేల్చారు. వాటిలో 9 శాతం గడ్డల్లో ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉంది. 22 శాతంలో డిఎన్ఎ అక్షరదోషాలు దిద్దే వ్యవస్థ పాడై, మార్పులు విపరీతంగా ఉన్నాయి. ఈ రెండు రకాలూ టి కణానికి తేలిగ్గా కనిపించాలి కదా? మొదటిదానిలో వైరస్ ముక్కలుంటాయి, రెండోదానిలో మారిన ప్రోటీన్ ముక్కలు బోలెడుంటాయి. 2018లో దక్షిణ కొరియాలో 61 మంది ముదిరిన కడుపు క్యాన్సర్ రోగులకి పిడి-1 బ్రేకు తీసే పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూశారు. వైరస్ ఉన్న ఆరుగురిలో ఆరుగురికీ గడ్డ తగ్గింది. అక్షరదోషాల రకం ఏడుగురిలో ఆరుగురికి తగ్గింది. మిగతా రకాల్లో ఫలితం చాలా తక్కువ. సంఖ్యలు చిన్నవే, కానీ టి కణం గురించి 1974 నుంచి నేర్చుకున్నది రోగి మంచం దగ్గర నిజమైంది.

ఆ తర్వాత మందుని జబ్బు ముదరకముందే వాడటం మొదలైంది. ఫ్రాన్స్‌లో అక్షరదోషాల రకం రోగులు 32 మందికి ఆపరేషన్‌కి ముందే రెండు రకాల బ్రేకులూ తీసే మందులిచ్చారు. 29 మందికి ఆపరేషన్ జరిగింది, వారిలో 17 మంది తీసేసిన కడుపు భాగంలో ఒక్క క్యాన్సర్ కణమూ మిగల్లేదు. మామూలు రకాల్లో కీమోతో కలిపి నివోలుమాబ్ ఇచ్చిన పెద్ద పరీక్షలో (2021), పిడి-ఎల్1 ఎక్కువున్న రోగుల మధ్యస్థ ఆయుష్షు 11.1 నుంచి 14.4 నెలలకి పెరిగింది. 2025లో చైనా పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. రోగి టి కణాల్ని బయటికి తీసి, కడుపు క్యాన్సర్ కణాల మీదుండే క్లాడిన్ 18.2 అనే ప్రోటీన్‌ని గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించారు. 156 మందితో జరిగిన ఆ పరీక్షలో జబ్బు మళ్ళీ పెరగకుండా ఆగిన మధ్యస్థ కాలం 1.77 నుంచి 3.25 నెలలైంది. చిన్న విజయమే, కానీ గట్టి గడ్డల మీద ఇలాంటి కణాలు పోల్చిచూసిన పరీక్షలో నెగ్గడం పెద్ద సంగతి.

మన సంగతి

మన దేశంలో ఈశాన్యాన మిజోరంలో కడుపు క్యాన్సర్ చాలా ఎక్కువ. ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ. టి కణాల మందులు ఇక్కడా దొరుకుతున్నాయి, ధర మాత్రం మామూలు కుటుంబానికి అందదు. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగుల మీద నివోలుమాబ్‌ని మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువగా, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, కీమోతో కలిపి ఇచ్చి పరీక్షించారు. ఏడాది బతికినవాళ్ళు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. అది కడుపు క్యాన్సర్ కాదు కాబట్టి దానికి అలాగే అన్వయించకూడదు. కానీ పేద దేశపు ప్రశ్నని సైన్సు పద్ధతిలో అడిగితే జవాబు దొరుకుతుందని అది చూపించింది.

అన్నిటికంటే చవకైన మార్గం ఆ యుద్ధాన్ని మొదట్లోనే ఆపడం. తైవాన్‌కి చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి పెద్ద ఎత్తున హెలికోబాక్టర్ పరీక్షచేసి, ఉన్నవాళ్ళకి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. అంతకుముందుతో పోలిస్తే కడుపు క్యాన్సర్ సగానికి పైగా (53 శాతం) తగ్గింది. టి కణాలకి బలం పెంచి కాదు, వాటికి కొట్లాడే పని లేకుండా చేసి.

కాబట్టి ఎవరైనా "ఇమ్యూనిటీ పెంచుతాం" అని కడుపు క్యాన్సర్ రోగి దగ్గరికొస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఏ కణాన్ని పెంచుతారు, దాడిచేసేదాన్నా, ఆపేదాన్నా? అది క్యాన్సర్ మీది ఏ ముక్కని గుర్తుపడుతుంది? ఎంతమందిలో, వాడనివాళ్ళతో పోల్చి, ఎన్ని నెలల తేడా చూశారు? కోలీని కూడా ఇవే ప్రశ్నలు అడిగారు, జవాబు రావడానికి నూరేళ్ళు పట్టినా వచ్చింది.

ఆ లోపు గడియారం ఆగదు. తగ్గని అజీర్తి, కారణం లేకుండా బరువు తగ్గడం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, మలం నల్లగా రావడం, రక్తహీనత కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరికెళ్ళి ఎండోస్కోపీ అవసరమేమో అడగండి. కడుపు క్యాన్సర్ మొదటి దశలో దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. చూర్ణం వాడుతూ గడిపిన ఆర్నెల్లలో మన టి కణాలు ఖాళీగా ఉండవు, గడ్డా ఖాళీగా ఉండదు. రెండిట్లో తప్పించుకోవడం నేర్చుకుంటున్నది గడ్డ.